ఐసీయూలో ఉన్న మనిషి అయోమయంగా మాట్లాడితే: డెలీరియం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి ఐసీయూ బయట రోజుల తరబడి కూర్చునే కుటుంబాలు అడిగే సందేహాల్లో కొన్ని ఎప్పటికీ మారవు. గుండె గురించి, ఊపిరితిత్తుల గురించి, కిడ్నీల గురించి డాక్టరు చెప్పినదంతా ఓపికగా విన్న తర్వాత, తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న మాత్రం రోగి మతి గురించే ఉంటుంది. ఆ ప్రశ్నలను వారు అడిగే మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి ఏ దశలో ఏది అవసరమైతే అది మాత్రమే చదువుకోవచ్చు.

## చేర్పించిన మొదటి రోజుల్లో

ఐసీయూల ఉన్నోళ్లకు మతి తప్పుతదంటున్నరు. అసలు ఇదేం జబ్బు?

తీవ్రమైన అనారోగ్యం వల్ల మెదడు పనితీరు కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో దెబ్బతిని, మనిషి ఒక విషయం మీద మనసు నిలపలేని స్థితికి చేరడాన్ని డెలీరియం అంటారు. ఉన్న చోటు, వేళ తెలియకపోవడం, పొంతన లేని మాటలు, లేనివి కనిపించడం, పగలు నిద్రపోయి రాత్రంతా మేలుకోవడం దానికి తోడవుతాయి. ఈ స్థితి రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున పేరుపెట్టి పలకరించిన మనిషి సాయంత్రానికి కన్నకొడుకును కూడా గుర్తుపట్టకపోవచ్చు. మొత్తం ఐసీయూ రోగుల్లో సుమారు మూడింట ఒక వంతు మందికి, వెంటిలేటర్ మీద ఉన్నవారిలోనైతే 80 శాతం దాకా ఇది వస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. కిడ్నీ దెబ్బతింటే మూత్రం తగ్గుతుంది, మెదడు దెబ్బతింటే తెలివి తడబడుతుంది. రెండింటినీ డాక్టర్లు అంతే తీవ్రంగా తీసుకోవాలి, కుటుంబం కూడా అంతే సహజంగా తీసుకోవాలి.

ఎవరికి ఎక్కువ వస్తది? ముందే చెప్పవలసినవి ఏమన్న ఉన్నయా?

అరవై అయిదేళ్లు దాటినవారికి, ఇంతకుముందే మతిమరుపు మొదలైనవారికి, చూపు లేదా వినికిడి సరిగా లేనివారికి, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకినవారికి, తుంటి విరిగి ఆపరేషన్ అయినవారికి, వెంటిలేటర్ అవసరమైనవారికి ముప్పు ఎక్కువ. చేర్పించేటప్పుడే డాక్టరుకు చెప్పవలసిన మొదటి సంగతి, జబ్బుకు ముందు ఆ మనిషి మామూలుగా ఎలా ఉండేవారన్నది. సొంతంగా లెక్కలు చూసుకునేవారా, దారి మరిచిపోయేవారా, రాత్రిళ్లు లేచి తిరిగేవారా అన్నవి ఇంట్లోవారికి తప్ప మరెవరికీ తెలియవు. ఇంట్లో వాడుతున్న మందుల పట్టీలన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. ఊరిలో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు, నిద్ర గోలీలు, దగ్గు మందులు, ఆకు పసర్లు కూడా అందులో ఉండాలి. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయామంటే డాక్టరు కోప్పడతారేమోనని చాలామంది దాస్తారు. ఎవరైనా కోప్పడినా సరే, చెప్పండి. పట్టీ మీద పేరు కనబడితే అరపూట వెతుకులాట తప్పుతుంది.

మా నాయిన రోజూ కల్లు తాగుతడు. అది కూడా చెప్పాలెనా? కల్లు మందు కాదు కదా?

తప్పకుండా చెప్పాలి, మొదటి గంటలోనే చెప్పాలి. దక్షిణ తెలంగాణలో ఈ ఒక్క సమాచారం చాలాసార్లు చికిత్స దారినే మారుస్తుంది. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, దుకాణాల్లో డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మే కల్తీ కల్లు వేరు. ఎక్సైజ్ దాడుల్లో అల్ప్రాజోలం పట్టుబడిన వార్తలు ఈ ప్రాంతం వారికి కొత్త కావు. కల్తీ కల్లుకు ఏళ్ల తరబడి అలవాటుపడిన శరీరానికి ఐసీయూలో చేరిన రోజు నుంచి అది ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పుడు చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేని మనుషులు కనిపించడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. సారా, విస్కీ, బ్రాందీ తాగేవారిలోనైతే చివరిసారి తాగిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇవి తీవ్రమవుతాయి. మామూలు డెలీరియంలో డాక్టర్లు వీలైనంత దూరంగా ఉంచే డైజిపామ్, లోరాజిపామ్ వంటి మందులే ఇక్కడ ప్రధాన చికిత్స. మద్యానికి అలవాటుపడినవారికి థయామిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి. విషయం తెలియకపోతే వైద్యం తారుమారవుతుంది.

అవ్వలు, అమ్మలు కల్లు తాగుతారని చెప్పడానికి కుటుంబాలు ఇంకా ఎక్కువగా సంకోచిస్తాయి. పదిమందిలో చెప్పలేకపోతే నర్సును పక్కకు పిలిచి, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగారు అన్న రెండు ముక్కలు చెప్పండి.

## మార్పు కనిపించినప్పుడు

నిన్నటిదాక మంచిగ మాట్లాడిండు. రాత్రి నుంచి కరెంటొచ్చింది, మోటరు వెయ్యాలె అని లేచి ఉరుకుతుండు. పిచ్చి లేచిందా?

పిచ్చి కాదు. మానసిక వ్యాధి సాధారణంగా వారాలు, నెలల మీద ముదురుతుంది. నిన్న బాగున్న మనిషి ఈ రాత్రి మారిపోయాడంటే శరీరంలో ఏదో కొత్తగా చెడిందని ముందుగా అనుమానించాలి. ఆక్సిజన్ తగ్గడం, రక్తంలో చక్కెర పడిపోవడం, సోడియం తగ్గడం, జ్వరం, కిడ్నీ లేదా కాలేయం పనిచేయకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, ఓర్చుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు, చాలాసార్లు రెండు మూడు కలిసే ఉంటాయి.

ఆ సమయంలో మనిషి తన జీవితమంతా చేసిన పనిలోకి వెళ్లిపోవడం తరచుగా చూస్తాము. రైతు మోటరు వేయడానికి లేస్తాడు, ఎడ్లను అదిలిస్తాడు. పత్తి ఏరిన చేతులు దుప్పటి మీద లేని దూదిని ఏరి, పక్కన లేని సంచిలో వేస్తుంటాయి. రెండు వేళ్లు కలిపి, మెల్లగా లాగి, చేయి పక్కకు తిప్పి వదలడం, మళ్లీ మొదలుపెట్టడం, గంటల తరబడి సాగుతుంది. చూస్తున్న బిడ్డలకు కడుపు తరుక్కుపోతుంది. ఈ మార్పును దాచుకోకుండా, ఏ వేళకు మొదలైందో నర్సుకు చెప్పండి.

మా అవ్వ నిమ్మలంగ పండుకొని ఉంటుంది, ఎవరినీ ఏమంటలేదు. ఆమెకు ఈ బాధ లేనట్టే కదా?

ఈ ప్రశ్నకు జవాబు అందరూ చదవాలని నా కోరిక. కేకలు వేసి, గొట్టాలు పీకే రకం డెలీరియం అందరి కంట పడుతుంది గాని, అది ఒక్కటే ఉండే రోగులు నిజానికి తక్కువ. ఎక్కువమందిలో మనిషి మందకొడిగా, మౌనంగా మారిపోతారు, లేదా ఒకపూట ఆవేశం, ఒకపూట మత్తుగా ఉంటారు. మౌనంగా ఉండే రకాన్ని డాక్టర్లు, నర్సులు కూడా చాలాసార్లు గుర్తించలేరు, ఎందుకంటే సందడిగా ఉండే వార్డులో ఇబ్బంది పెట్టని రోగి అంటే బాగున్న రోగి అనే భావం అందరిలోనూ ఉంటుంది. దాని ఫలితాలు మాత్రం తేలికైనవి కావు. అలాంటివారు దగ్గలేరు, కదలరు, నీళ్లు అడగరు, మింగేటప్పుడు పొరబోతుంది, పుండ్లు పడతాయి. పిలిస్తే కళ్లు తెరిచి వెంటనే మూసుకోవడం, ప్రశ్న అడిగితే మధ్యలోనే ఎటో చూడటం, మనవడి పేరు చెప్పినా ముఖంలో ఏ కదలికా లేకపోవడం గమనిస్తే, మామూలుగా మా అవ్వ ఇట్ల ఉండదు అని డాక్టరుతో స్పష్టంగా అనండి. ఆ ఒక్క వాక్యానికి వైద్యంలో చాలా విలువ ఉంది.

గాలి సోకిందని, తాయెత్తు కట్టియ్యాలని మా పెద్దోళ్లు అంటున్నరు. ఏం చేయాలె?

చనిపోయిన బంధువులు మంచం దగ్గర నిలబడ్డారని రోగి చెబుతున్నప్పుడు ఇంటి పెద్దలకు ఆ ఆలోచన రావడంలో ఆశ్చర్యం లేదు. వారిని చులకన చేయవలసిన పని కూడా లేదు. నర్సు అనుమతిస్తే తాయెత్తును సెలైన్ సూది లేని చేతికి వదులుగా కట్టవచ్చు. ప్రమాదం మరోచోట ఉంది. తెలివి సరిగా లేని మనిషి నోట్లో తీర్థం గాని, పసరు గాని, కొబ్బరినీళ్లు గాని పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. విభూతి, పసుపు, కుంకుమ గాయాల మీద, గొట్టాల దగ్గర పడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మొక్కు కోసమని చికిత్స మధ్యలో ఆపి తీసుకుపోకండి. మనిషి కోలుకున్నాక మొక్కు తీర్చుకోవచ్చు.

మా తమ్ముడు పురుగుల మందు తాగిండు. మూడో రోజు నుంచి గాలిలో ఏదో పట్టుకుంటుండు. విషం మెదడుకెక్కిందా?

విషం కారణం కావచ్చు, దానికిచ్చే విరుగుడు కూడా కారణం కావచ్చు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులకు అట్రోపిన్ ఇంజెక్షన్ ప్రాణాధారం, ఊపిరితిత్తుల్లో చేరే ద్రవాన్ని అదే ఆపుతుంది. మోతాదు శరీరానికి అవసరమైనదాన్ని మించినప్పుడు జ్వరం, గుండె దడ, నోరు ఎండిపోవడం, కడుపు కదలికలు ఆగిపోవడం, మూత్రం బిగియడం, వాటితో పాటు గాలిలో వస్తువులు పట్టుకునే ఈ అయోమయం వస్తాయి. అప్పుడు డాక్టర్లు అట్రోపిన్‌ను కాసేపు ఆపి, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెడతారు. ఆ పని డాక్టరు చేయవలసినదే గాని, భయపడి మందు పూర్తిగా ఆపేయమని మీరు ఒత్తిడి చేయకూడదు. ఆక్సిజన్ తగ్గడం, ఇన్ఫెక్షన్, మద్యం ఆగిపోవడం కూడా ఇదే రోగిలో తోడై ఉండవచ్చు. తేరుకున్న తర్వాత, తాగడానికి దారితీసిన బాధ గురించి సైకియాట్రీ డాక్టరుతో మాట్లాడించకుండా ఇంటికి తీసుకుపోకండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

రాయి నీళ్ల మీద తేలుతదా అని మా బాపును అడుగుతున్నరు. చిన్నపిల్లల ప్రశ్నలెందుకు?

అది తెలివితేటల పరీక్ష కాదు. డెలీరియాన్ని గుర్తించే క్యామ్-ఐసీయూ అనే పద్ధతిలో భాగం. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్యులు 2001లో దీన్ని ప్రచురించారు. గొంతులో గొట్టం ఉండి మాట్లాడలేనివారిని కూడా దీనితో రెండు మూడు నిమిషాల్లో పరీక్షించవచ్చు. నర్సు పది అక్షరాలు గాని అంకెలు గాని ఒక్కొక్కటిగా చెబుతూ, ముందు అనుకున్నది వినబడినప్పుడల్లా చేయి నొక్కమంటారు. రెండుకు మించి తప్పులు పోతే మనసు నిలవడం లేదని అర్థం. ఆ తర్వాత అవసరమైతే రాయి తేలుతుందా, సముద్రంలో చేపలుంటాయా, రెండు కిలోల కంటే ఒక కిలో బరువెక్కువా, సుత్తితో మేకు కొట్టవచ్చా అని అడుగుతారు. చదువు రానివారికి బొమ్మలు చూపి చేసే పద్ధతి ఉంది. పక్కన ఉన్నవారు జవాబు అందించకూడదు.

ఇది పక్షవాతం కావచ్చా?

ఒక చేయి లేదా కాలు పడిపోవడం, మూతి వంకర పోవడం, మాట పూర్తిగా పడిపోవడం, ఫిట్స్ రావడం కనిపిస్తే ఆ క్షణమే చెప్పాలి. అలాంటప్పుడు తల స్కానింగ్ చేస్తారు. ఇవేవీ లేని ప్రతి అయోమయానికీ స్కానింగ్ అవసరం ఉండదు.

## చికిత్స సాగుతున్నప్పుడు

దీనికి మందు లేదా? ఒక సూదేస్తే తగ్గదా?

డెలీరియాన్ని నేరుగా తగ్గించే సూది ఇప్పటివరకు లేదు. హాలోపెరిడాల్ అనే మందును ఎన్నో ఏళ్లు ఈ ఆశతోనే వాడారు. అమెరికాలో జరిగి 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఉత్త సెలైన్ ఇచ్చినవారికి, ఆ మందు ఇచ్చినవారికి డెలీరియం రోజుల్లో తేడా కనిపించలేదు. యూరప్‌లో వెయ్యిమంది రోగులతో జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో కూడా, 90 రోజుల్లో ప్రాణాలతో ఆస్పత్రి బయట గడిపిన రోజుల్లో నిర్ధారణగా చెప్పగల తేడా రాలేదు. అందుకే రోగి తనకో ఇతరులకో హాని చేసుకునేంత ఆవేశంలో ఉన్నప్పుడు, లేదా లేనివి చూసి తీవ్రంగా భయపడుతున్నప్పుడు మాత్రమే కొద్ది కాలానికి వాడతారు.

అసలు చికిత్స మూల కారణాన్ని వెతికి సరిచేయడం. దానితోపాటు నొప్పి తగ్గించడం, మత్తును వీలైనంత తేలికగా ఉంచడం, రోజూ వెంటిలేటర్ అవసరం ఎంతవరకు ఉందో పరీక్షించడం, అక్కరలేని గొట్టాలు తీసేయడం, మంచం మీద కూర్చోబెట్టడం, నడిపించడం. ఇవన్నీ చూడటానికి పెద్ద వైద్యంలా కనిపించవు. కానీ వెంటిలేటర్ మీద ఉన్నవారికి తొలి రోజుల నుంచే వ్యాయామం చేయించినప్పుడు డెలీరియం రోజులు సగానికి తగ్గినట్లు 2009లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఫిజియోథెరపీ వారు వచ్చి కూర్చోబెడుతుంటే, ఇంత జబ్బు మనిషిని కష్టపెడుతున్నరు అని అడ్డుపడకండి.

మూడు రాత్రుల నుంచి కన్ను మూస్తలేడు. నిద్ర మందు ఎందుకిస్తలేరు?

లోరాజిపామ్, మిడజోలామ్ వంటి మత్తుమందులతో వచ్చేది సహజ నిద్ర కాదు. అవి డెలీరియాన్ని పెంచుతాయి, పొడిగిస్తాయి. మత్తు తప్పనిసరైతే డెక్స్‌మెడెటోమిడిన్ వంటి మందుల వైపు మొగ్గు చూపేది ఇందుకే. రాత్రి లైట్లు తగ్గించమని, తెల్లవారుజాము రక్త నమూనాలను వీలైతే కాస్త ఆలస్యంగా తీయమని, చెవులకు దూది, కళ్లకు పట్టీ పెట్టవచ్చా అని నర్సును అడగండి. పగలు కిటికీ వెలుతురు తగిలితే రాత్రి నిద్రకు దోహదం చేస్తుంది.

చేతులు మంచానికి కట్టేసిన్రు. మనిషిని గిట్ల కట్టుడేంది?

మీ బాధ న్యాయమైనదే. గొంతులోని గొట్టాన్ని లాగేస్తే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుందన్న భయంతో కడతారు. కానీ కట్టడం వల్ల ఆందోళన పెరిగి డెలీరియం మరింత ముదురుతుంది. కాబట్టి అది ఆఖరి మార్గం కావాలి, గంటల లెక్కన ఉండాలి, రోజుల లెక్కన కాదు. ఎందుకు కట్టారు, ఎప్పుడు విప్పుతారు, మేము పక్కన కూర్చుంటే విప్పుతారా అని మర్యాదగా అడగండి. వేళ్లు చల్లబడటం, నీలం రంగుకు మారడం, వాపు కనిపిస్తే వెంటనే చెప్పండి. ఇంటివారు చేయి పట్టుకొని కూర్చుంటే కట్లు విప్పగలిగిన సందర్భాలు చాలా ఉంటాయి.

హైదరాబాద్‌కు తీస్కపోతే నయమైతదా?

అయోమయం ఒక్కటే కారణమైతే తరలించనక్కరలేదు. డయాలసిస్, న్యూరోసర్జరీ వంటి సౌకర్యం అవసరమై అది ఇక్కడ లేకపోతే తరలించాలి. నిర్ణయం ఆ మూల జబ్బును బట్టి ఉండాలి.

## పక్కన ఉన్న కుటుంబం

లోపలికి పోయినప్పుడు ఏం మాట్లాడాలె?

ఎదురుగా నిలబడి, పేరు పెట్టి గాని వరస పెట్టి గాని పిలిచి, మీరెవరో చెప్పండి. నాయినా, నేను చిన్నోణ్ణి, ఇది నల్లగొండ దవాఖాన, ఇయ్యాల మంగళవారం, పొద్దున పది అయింది, నీకు నిమోనియా తగ్గుతుంది అన్నంత చిన్న మాటలు చాలు. అదే మాట పూటపూటకూ చెప్పవలసి వస్తుంది. నేనెవరో చెప్పు అని పరీక్ష పెట్టకండి, చెప్పలేక ఆయన కుమిలిపోతారు. కళ్లజోడు, చెవి మిషను తెచ్చి నర్సు అనుమతితో పెట్టండి. చూపు ఆనక గోడమీది వైరు పాములా కనిపించే మనిషికి కళ్లజోడే సగం మందు. ఊరి ముచ్చట్లు, వాన, పొలం, మనవల బడి గురించి చెప్పండి. అప్పు, ఆస్తి, ఆస్పత్రి బిల్లు ఆ మంచం దగ్గర ఎత్తకండి. ఊరంతా వరుసగా వచ్చి చూసిపోవడం కంటే, రోజూ అదే ఒకరిద్దరి గొంతు వినిపించడం మేలు.

బ్రెజిల్‌లోని 36 ఐసీయూలలో జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, కుటుంబం ఎక్కువ గంటలు ఉన్నందువల్ల మాత్రమే డెలీరియం తగ్గినట్లు తేలలేదు. కానీ ఆ కుటుంబసభ్యుల్లో ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. నా దృష్టిలో అది కూడా ఐసీయూ తలుపులు మరికాస్త తెరవడానికి చాలినంత కారణం.

నర్సులు విషం పెడుతున్నరని అంటుండు, నన్ను బూతులు తిడుతుండు. నిజంగనే ఏమన్న చేస్తున్నరా?

ఎవరో తనను చంపజూస్తున్నారనే భయం డెలీరియంలో చాలా సాధారణం. ముక్కులో గొట్టం, ఒంటినిండా సూదులు ఉన్న మనిషి మెదడు తనకు తోచిన కథ అల్లుకుంటుంది. అట్లేం లేదని గట్టిగా వాదించకండి, అవునని ఒప్పుకోకండి. నీకు భయమేస్తుంది, నేనిక్కడనే ఉన్న అనండి. తిట్లను మనసులో పెట్టుకోకండి. అయితే నొప్పి, దాహం, మూత్రం గురించి ఆయన చెప్పే ఫిర్యాదును మాత్రం భ్రమ అని కొట్టిపారేయకుండా నర్సుకు చేర్చండి.

ఇంటికి తీస్కపొమ్మని ఏడుస్తున్నది. ఆమె కోరిక కాదనేదెట్ల?

ఆ ఏడుపు వినడం చాలా కష్టం. కానీ డెలీరియంలో ఉన్న మనిషి తన పరిస్థితిని, ఇంటికి పోతే జరిగేదాన్ని తూచుకోగల స్థితిలో ఉండదు. పూర్తి తెలివితో ఉన్నప్పుడు ఆమె ఏం కోరుకునేదో మీకు తెలుసు, దాన్ని బట్టి డాక్టరుతో మాట్లాడండి. కోలుకునే అవకాశమున్న మనిషిని ఈ ఏడుపు చూసి సంతకం పెట్టి తీసుకుపోవడం తొందరపాటు.

పాస్‌బుక్ పని ఆగిపోయింది. ఐసీయూల వేలిముద్ర తీసుకుంటే చెల్లుతదా?

తీసుకోకూడదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్‌లో, జ్వరం వల్ల డెలీరియంలో ఉన్న మనిషి ఆ స్థితి ఉన్నంతకాలం ఒప్పందం చేసుకోలేడని ఉదాహరణతో సహా ఉంది. అన్నదమ్ముల మధ్య తర్వాత వచ్చే తగాదాలకు ఆ వేలిముద్రే మూలమవుతుంది.

## ఇంటికి వెళ్లాక

మతి మళ్లీ మునుపటిలాగ అయితదా? ఎన్ని రోజులు పడతది?

చాలామందిలో మూల కారణం సర్దుకున్న కొద్ది రోజుల్లో అయోమయం తగ్గుతుంది. పెద్దవయసు వారిలో వారాలు పట్టవచ్చు. అయితే మనుషులను గుర్తుపట్టినంత మాత్రాన అంతా అయిపోయిందనుకోకూడదు. అమెరికాలో 821 మంది ఐసీయూ రోగులను గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 74 శాతం మందికి డెలీరియం వచ్చింది. డిశ్చార్జి తర్వాత మూడు నెలలకు పరీక్షించినప్పుడు 40 శాతం మంది ఆలోచనా శక్తి, తలకు ఒక మోస్తరు గాయమైనవారి స్థాయిలో ఉంది. డెలీరియం ఎక్కువ రోజులు ఉన్నవారిలో ఈ లోటు ఎక్కువ. కాబట్టి చిట్టీ లెక్క తప్పుతున్నా, మాట మధ్యలో మరిచిపోతున్నా సోమరితనమని, నటన అని అనకండి. ట్రాక్టర్, బైకు నడపడం, మందు పిచికారీ, కరెంటు మోటరు పనులు డాక్టరు చూసి సరేననేదాకా ఇంకొకరు చేయాలి. మూడు నెలలకు కూడా తేడా ఉంటే చూపించండి.

ఐసీయూల చూసిందంత నిజమే అంటడు. రాత్రిపూట ఉలికిపడి లేస్తడు.

ఐసీయూలో జరిగిన నిజాలు మరిచిపోయి, భ్రమలు మాత్రం స్పష్టంగా గుర్తుండిపోవడం తరచుగా జరుగుతుంది. ఐసీయూలో ఉన్నప్పుడే కుటుంబం ఒక నోటుబుక్కులో రోజుకు రెండు మూడు వాక్యాలు, ఏ రోజు గొట్టం వేశారు, ఎప్పుడు తీశారు, ఎవరు వచ్చారు అని రాసి పెడితే, తర్వాత ఆ ఖాళీని నింపుకోవడానికి పనికొస్తుంది. ఆయన అడిగినప్పుడే చూపండి, బలవంతంగా చదివి వినిపించకండి. ఉలికిపాటు, కుంగుబాటు, చికాకు నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రీ ఓపీకి తీసుకువెళ్లాలి.

డిశ్చార్జి చీటీల ఐసీయూల ఇచ్చిన గోలీలే ఉన్నయి. ఎన్నాళ్లు వాడాలె?

ఇది తప్పక అడగవలసిన ప్రశ్న. అయోమయం తీవ్రంగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన క్వెటియాపిన్, ఒలాంజపిన్, హాలోపెరిడాల్ వంటివి ఆపే తేదీ రాయకపోవడం వల్ల నెలల తరబడి సాగిపోవడం అన్నిచోట్లా ఉన్న సమస్య. వాటితో మగత వస్తుంది, ముసలివారు తూలి పడతారు, చేతులు వణుకుతాయి. ఆస్పత్రి వదిలే ముందు చీటీని డాక్టరు ముందు పెట్టి, వీటిలో అయోమయం కోసం ఇచ్చినది ఏది, ఏ తేదీకి ఆపాలి అని అడిగి, ఆ గోలీ పేరు పక్కనే తేదీ రాయించుకోండి. మద్యం లేదా కల్తీ కల్లు మానిపించడానికి ఇచ్చిన డైజిపామ్, లోరాజిపామ్ మాత్రం మీకు మీరుగా ఒక్కసారి ఆపకూడదు. వాటిని డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గిస్తూ రావాలి.